మూత మీద ముప్పై నాలుగు డిగ్రీలు

శుక్రవారం, వనపర్తి హాస్టల్

మంట పోయినా చల్లారిందంటాం, వేడి పోయినా చల్లారిందంటాం. ఆ ఒక్క మాటతో ఈరోజు యూసుఫ్ చేయి కాల్చాను.

ల్యాబులో స్టీలు పళ్లెంలో డీజిల్ మండించి, దాని పైపొర ఎంత వేడెక్కుతుందో థర్మల్ కెమెరాతో చూస్తున్నాం. కెమెరా దగ్గర నేను, పళ్లెం దగ్గర యూసుఫ్. చివర్లో వాడు స్టీలు మూత వేసి మంట ఆర్పాడు. తెర మీద మూత నీలంగా కనిపించింది, ముప్పై నాలుగు డిగ్రీలు.

"సల్లారింది. తియ్యి," అన్నాను.

"పక్కానా, కవీ?"

"పక్కా రా."

తీశాడు. గాలి తగలగానే డీజిల్ భగ్గున లేచి వాడి మోచేతి దాకా పాకింది. ఆ అరుపు. గ్లవ్‌తో పాటు ఊడివచ్చిన చర్మం. నిగనిగలాడే స్టీలు ఆ కెమెరాకు తన వేడిని చూపదని, ఎదుటి గోడ వేడినే అద్దంలా చూపుతుందని సారు మొన్ననే చెప్పారు. నోట్సులో ముచ్చటగా రాసుకున్నాను కూడా.

వేళ్లు మళ్లీ వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు దవాఖానలో. వాళ్లమ్మ వాడి మంచం అంచు పట్టుకుని అడిగింది.

"ఎవడు తియ్యమన్నడురా నిన్ను?"

"ఎవ్వలు లేరు అమ్మీ. నేనే తీసిన."

వాడు అలా అనగానే ఆగలేకపోయాను.

"నేనే చాచీ. సల్లారిందని నేనే చెప్పిన."

చెంప పగిలేలా కొట్టింది. మళ్లీ చెయ్యెత్తి, నా భుజం మీదే పడి ఏడ్చింది.

చెంప ఇంకా మండుతోంది. వాడి వేళ్లు కదిలేదాకా ఇది చల్లారకపోతేనే బాగుండు.