గోడ లేని కాలేజీ

మావా,

నువ్వు లేక ఈరోజుకి ఏడాది. మన సరోజ ఇంటర్ పాసైంది, బీయస్సీ సదువుతానంటంది. కాలేజీలు సూసొత్తానని నీ తమ్ముడు ఎల్లాడు. రెండు సూసొచ్చి, "రెండోదే మంచిది వదినా. సుట్టూ ఎత్తు గోడ, గేటుకాడ వాచ్‌మేన్" అన్నాడు. లేబ్ ఎలాగుందని అడిగితే, "ఆడపిల్లకి లేబ్ ఎందుకు?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు. పిల్లని తీసుకుని నానే మల్కాపురంలో బస్సెక్కాను. గోడున్న కాలేజీలో లేబ్ సూపించమంటే తాళం తియ్యడానికి ఒక్కడూ లేడు. అంత గోడ కట్టినోళ్ళు ఆ గది తలుపు తియ్యలేరా? మొదటి కాలేజీకి ముళ్ళకంచే. లోపల ఆడపిల్లలు తెల్లకోట్లేసుకుని మంట మీద గాజుగొట్టాలు పట్టుకున్నారు. సరోజ ఆ లేబ్ కిటికీ వదిలి రాలేదు. ఇంటికొచ్చి, అక్కడే సేర్పిత్తానన్నాను.

"కంచె దాటి ఎవడైనా వత్తే ఎవడిది పూచీ?" అని నీ తమ్ముడు గొంతు పెంచాడు.

"మీ అన్న పనిసేసిన ఓడల యార్డుకి రెండు నిలువుల గోడుంది. ఆ గోడ లోపలే కదా ఇనప రేకులు మీద పడి పోయాడు" అన్నాను.

నీ తమ్ముడు సెప్పులేసుకుని ఎల్లిపోయాడు. నువ్వు పోయావన్న మాట ఈ ఏడాదిలో నా నోటంట రావడం అదే మొదలు.