రోడ్డు మాటలు

నూజివీడు

చెల్లాయి కృష్ణవేణికి అక్క దీవెనలు.

ఫోను చేస్తే "పనిలో ఉన్నానక్కా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ ఎప్పుడూ రాదు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవని ఇలా రాస్తున్నాను.

నేను కారు నేర్చుకుంటున్నాను. నవ్వకు. మీ బావగారు పోయాక ఆ బండి షెడ్డులోనే పడి ఉంది. ఉంగుటూరులో ఉన్న నిన్ను చూడాలన్నా ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. నేర్పే పిల్ల పేరు యోగిత. మన మామిడి రైతులందరికీ ఒకటే జబ్బట, పూత కాలంలో రోడ్డు వదిలేసి తోటల వంక చూస్తారట. నేనూ అంతే. ఎవరిదో తోటలో పూత నిలిచిందా మాడిందా అని చూశాను, బండి కాలవగట్టు ఎక్కబోయింది. "చూపు ఎటు పోతే చెయ్యి అటే పోద్దండీ ఆంటీ" అంటూ తనవైపు బ్రేకు తొక్కింది. అప్పటినుంచి రోడ్డు మీద కనిపించిన ప్రతిదీ నాచేత పైకి చెప్పిస్తోంది. "ఎదురుగా ట్రాక్టరు, ఎడమపక్క గేదె, స్కూలు పిల్లలు" అని నేనంటుంటే ప్రతి మాటకీ "ఊ" కొడుతుంది.

వేణీ, ఆ "ఊ" కోసం మొహంవాచి ఉన్నానే. ఇంట్లో రోజంతా నా గొంతు నాకే వినపడదు. నిజం చెబుతున్నాను, నాకు డ్రైవింగ్ ఎప్పుడో వచ్చేసింది. క్లాసులు అయిపోతాయన్న భయంతో కావాలనే తోటల వంక తిరుగుతున్నాను. టెస్టుకి వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. ఎవరితోనూ అనకు.

మీ అక్క,
పుష్పవతి


నూజివీడు

వేణీ,

నీ ఫోను చూశాను. అప్పుడు బండి నడుపుతున్నాను, ఎత్తలేదు. నాకూ పనులుంటాయి మరి!

నా నాటకాన్ని యోగిత పట్టేసింది. మైలవరం రోడ్డులో మళ్ళీ తోటవైపు తిరిగేసరికి బండి పక్కకి ఆపించి తాళం తీసేసింది. "తల తోటవైపు తిప్పుతున్నారు గానీ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. నేను చూసేది మీ కళ్ళనే కదండీ. ఏంటి ఆంటీ సంగతి?" అంది. నేను అద్దం సర్దబోయాను. "ఈ ఆటలో ఏ పిల్లో అడ్డం వస్తే ఏం చేస్తారండీ? మనసులో మాట ఏదైనా ఉంటే ఇలా ఆపి చెప్పండి, వింటాను. నడిచే బండిలో మాత్రం రోడ్డు మాటలే" అంది.

బండి ఆగింది, వినే మనిషి పక్కనే ఉంది, నాకు ఒక్క మాటా రాలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. నిజానికి ఆ ఏడుపు నీ దగ్గర ఏడవాల్సింది.

ఆ తర్వాత నేనే అడిగి టెస్టుకి వెళ్ళాను, పాసయ్యాను. ఆదివారం మీ ఇంటికి ఒక్కదాన్నే వస్తున్నాను. దారిలో నా చూపు ఎటూ పోదు, భయపడకు. వంట పెట్టుకోకు, ఎవరినీ పిలవకు. మీ వాకిట్లో నేను బండి ఆపాక, నువ్వూ నీ పనులు కాసేపు ఆపు.

నీ
పుష్పక్క