బోలు చెట్టుకు బెల్లం సాక

జాంబియా అడవి

ప్రియమైన నవనీతకు,

ఇక్కడ సిగ్నల్ లేదు. సరుకుల బండి డ్రైవర్ ఈ ఉత్తరాన్ని ఫోటో తీసుకుని, పట్నం చేరగానే నీ ఫోన్‌కు పంపుతాడు. నువ్వూ కాగితం మీదే రాసి ఫోటో పంపు. నీ చేతిరాత చూస్తే బోరబండలో మన గదిలో కూర్చున్నట్టు ఉంటుంది.

హైటెక్ సిటీలో ఎన్ని ఆఫీసులకు చెక్కపని చేశాను! ఎంతసేపూ ప్లైవుడ్డూ మైకాలే. ఇక్కడ టూరిస్టుల కోసం చెట్ల కొమ్మల మధ్య గదులు కట్టాం. మంచం మీద పడుకుంటే కిటికీలోంచి జిరాఫీ తొంగిచూస్తుంది, ఒట్టు! నదిలో నీటిగుర్రాలు గురకపెడతాయి, అచ్చం మీ నాన్నలాగే.

అసలు సంగతి ఇక్కడ పెడుతున్న బారు. గోల్కొండ నయాఖిలాలో హతియాన్ ఝాడ్ అనే ఏనుగుల చెట్టు చూశాం, గుర్తుందా? ఆ జాతి చెట్టే, బావోబాబ్. ఇది ఇంకా పెద్దది. లోపలంతా బోలు, పైన పచ్చగా బతికే ఉంది. ఆ బోలులో కూర్చుని తాగడానికి బల్ల చేస్తున్నాను. ఒక్క మేకు కూడా చెట్టుకు దిగకూడదు. ఒక్కసారి వచ్చి చూడవే. పనివాళ్ల ఇంటివాళ్లకు టికెట్టు తీసి, వారం రోజులు గది ఇస్తానంది మా ఓనరమ్మ.

నీ బావ,
సంతోష్

*

బోరబండ

ప్రియమైన బావకు,

జిరాఫీ తొంగిచూసే గదిలో ఎవరికైనా నిద్ర పడుతుందా? నేను రాను. గచ్చిబౌలిలో మా ఆఫీసు పై అంతస్తులో అద్దాల పక్కన తుడవాలంటేనే కళ్లు తిరుగుతాయి నాకు.

కానీ బావా, బతికున్న చెట్టు కడుపులో బారు పెడుతూ ఆ తల్లిని అడగకపోతే ఎట్లా? మన బస్తీలో కల్లు దుకాణం తెరిచినా మైసమ్మకు సాక పోయనిదే సీసా ముట్టరు. నీ బ్యాగు అడుగున బెల్లం, పసుపు, కుంకుమ పెట్టాను. బల్ల పూర్తయిన రోజు చెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బెల్లం నీళ్లు మొదట్లో సాకగా పోయాలి. ఒక బెల్లం ముద్ద కూడా పెట్టు. మరిచిపోయావో, ఊరుకోను.

నీ నవనీత

*

జాంబియా అడవి

ప్రియమైన నవనీతకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దువాలే వేళకు బారు తెరిచారు. అతిథులు గ్లాసులు అందుకున్నారో లేదో, పిల్లను వెంటబెట్టుకుని ఏనుగు వచ్చింది. అంత పెద్ద ప్రాణి, అడుగుల చప్పుడే లేదు. బెల్లం ముద్ద తినేసింది. తడిసిన మట్టిని తడిమింది. తర్వాత తొండం బోలులోకి చాపి నా ముఖం మీద ఊపిరి వదిలింది. వెచ్చగా, పచ్చిగడ్డి వాసన. నాకు భయం వేయలేదు నవనీతా. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

అది వెళ్లాక మా అడవి కాపలాదారు ఫిరి తల పట్టుకున్నాడు. మనిషి తిండి మరిగిన ఏనుగు మళ్లీ వస్తుందట. దొరక్కపోతే గదులు కూలుస్తుందట. అప్పుడిక కాల్చేయడమే. తల్లి పోతే ఆ పిల్లా బతకదన్నాడు. తిండి బయట పెట్టొద్దని వచ్చిన రోజే చెప్పారు. అమ్మవారికి పెట్టింది కూడా తిండేనని నాకు తట్టనే లేదు.

నీ బావ,
సంతోష్

*

బోరబండ

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం ఆఫీసు లిఫ్టులో చదివి ఏడ్చేశాను. మాతో పనిచేసే కనకమ్మ పరేషాన్ అయి "ఏమైందే?" అంది. "నేను పంపిన బెల్లంతోని ఒక తల్లి పానం పోతదేమో అక్కా" అన్నాను. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆదివారం నయాఖిలాకు వెళ్లాను. ఆ చెట్టు ముందు నిలబడితే నేను చీమంత అయిపోయాను. అదీ ఎప్పుడో మీ ఆఫ్రికా నుంచి వచ్చిందేనట. "నీ పుట్టింటివాళ్లను చూసుకో తల్లీ" అని మొక్కాను.

ఏమన్నా చేయి బావా. కొలువు పోయినా ఫికర్ లేదు, ఆ తల్లీపిల్లా బతకాలి.

నీ నవనీత

*

జాంబియా అడవి

ప్రియమైన నవనీతకు,

ఏనుగు మళ్లీ వచ్చింది. బెల్లం కోసం వెతికి, దొరక్క బల్లను కుదిపేసింది. దాన్ని కాల్చమని ఓనరమ్మ అడవి ఆఫీసుకు కబురు పెడతానంది. నేను బతిమాలాను, "బల్ల తీసేస్తాను, వాసన లేకుండా చేస్తాను, చెట్టును కొన్నాళ్లు వదిలేయండి" అని. సరేనంది.

నా జన్మలో అంత అందమైన బల్ల చేయలేదు. నా చేత్తోనే విప్పేశాను. ఆ మట్టంతా తవ్వి నదిలో కలిపాను, చెట్టును కడిగాను.

నిన్న సాయంత్రం అది వచ్చింది. ఫిరి తుపాకీ పట్టుకుని నా పక్కనే ఉన్నాడు. చెట్టు మొదలంతా తడిమింది. అప్పుడు పిల్ల బోలులోకి దూరి, నేను బల్ల వేసిన చోటే పడుకుంది. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఫిరి తుపాకీ దించి టోపీ తీశాడు. కాసేపటికి రెండూ అడవిలోకి వెళ్లిపోయాయి. ఒక్క కొమ్మయినా విరవలేదు.

బారు ఇప్పుడు అవతలి ఒడ్డుకు మారింది. నీకు చూపించాలనుకున్న బల్ల లేదు. అయినా అక్కడి నుంచి ఆ చెట్టు కనబడుతుంది.

నీ బావ,
సంతోష్

*

బోరబండ

ప్రియమైన బావకు,

వస్తున్నాను.

సెలవు అడిగితే మా సూపర్‌వైజర్ అవినాష్ "ఆఫ్రికల ఏమున్నదమ్మా?" అన్నాడు. "తల్లీపిల్లను చూసి రావాలె సార్" అన్నాను. "మీ చుట్టాలా?" అంటే అవునన్నాను.

జిరాఫీ తొంగిచూస్తే చూడనీ. బ్యాగు సర్దుతున్నాను, బెల్లం మాత్రం పెట్టడం లేదు. సాక ఉత్త నీళ్లతో పోద్దాం, మనుషుల ఒడ్డునే నిలబడి.

నీ నవనీత