కుంటలో ఆ టకటక

జూలై 4
మా అటవీ శాఖ ఆఫీసులో నాకో కొత్త పని. ఆసుపత్రి వెనక కుంట దగ్గర కట్టిన రికార్డర్‌లోని శబ్దాలు హెడ్‌ఫోన్స్‌తో విని ఫారంలో టిక్ పెట్టాలి. రెండే గడులు. నీటికోడి, చారల కప్ప. రెండూ టకటకమనే అరుస్తాయి. నీ చెవులు మంచివమ్మా అంటూ సారు నాకే అంటగట్టారు. పదో తరగతి చదివినదానికి ఇదేం పరీక్ష దేవుడా.

జూలై 6
పక్షయితే కుంట పూడ్చి డయాలసిస్ వార్డు కడతారట. అది ఎగిరి ఇంకో కుంట చూసుకుంటుందట. ఆ కప్ప మాత్రం ఇంకెక్కడా బతకదట. కప్పయితే వార్డు రాదట. సారు టీ తాగుతూ మామూలుగా చెప్పేశారు. నా టీ చల్లారిపోయింది.
వారానికి మూడుసార్లు మా ఆయన్ని రెండు బస్సులు మార్చి ఊరవతలి డయాలసిస్ సెంటర్‌కి తీసుకెళ్తున్నాను. కొత్త వార్డు వస్తే మా వీధి చివరే.

జూలై 7
నీటికోడి. కాదు, కప్ప. ఏమో.

జూలై 10, ఉదయం 11
పుస్తకం తిరగేశాను. నీటికోడికి ఈకలు, వేడి రక్తం. కప్పకి తడి చర్మం, చల్లని రక్తం. బాగానే ఉంది. హెడ్‌ఫోన్స్‌లో ఈకలెలా వినపడతాయి?
ప్రార్థనకి కళ్ళు మూసుకున్నా టకటకే. పక్షి అయ్యేలా చూడు స్వామీ అనబోయి ఆగిపోయాను. అక్కడ ఉన్నదాన్ని మార్చమని ఎలా అడగను?

జూలై 12
మా ఆయన ముప్పై ఏళ్ళు బస్ డిపోలో మెకానిక్. రికార్డింగులు ఇంటికి తెచ్చుకుని వింటుంటే, నేనూ వింటానని హెడ్‌ఫోన్స్ లాక్కున్నారు. వార్డు సంగతి ఆయనకి చెప్పలేదు. సాయంత్రం రికార్డింగు ఒకటి, తెల్లవారుజాముది ఒకటి విని, బల్ల మీద వేళ్ళతో దరువేశారు. పిచ్చిదానా, చలికి ఇంజిన్ నెమ్మదించింది, ఆ మాత్రం తెలియట్లేదా అన్నారు.
రికార్డర్ రాసిపెట్టిన చలీ వేడీ చూసుకుంటూ మిగతావన్నీ విన్నాను. చల్లగా ఉన్న ప్రతిరోజూ టకటక మందగించింది. వేడి రక్తమైతే అలా మందగించదు.
మీ సారుని నాకూ జీతమివ్వమను అని ఆయన ఒకటే మురిసిపోయారు. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను.

జూలై 13
కప్ప గడిలో టిక్ పెట్టాను. మంచి చేశానో చెడు చేశానో తెలియదు.
కోడా, కప్పా, ఎవరు గెలిచారని ఆయన అడిగారు. మీరే అన్నాను.

జూలై 15
సెంటర్‌లో ఏసీ మరీ ఎక్కువ. ఆయన నిద్రపోయారు. చెయ్యి మంచులా ఉంది. నాడి పట్టుకుని లెక్కపెట్టాను. నెమ్మదించలేదు.