ఆరో జవాబు

జూన్ 2, ఆదివారం

ఈ రోజు చర్చిలో నా ప్రసంగం సోమరితనం మీద. బల్ల మూడుసార్లు గుద్దాను. ముందు వరుసలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి "ఆమేన్!" అన్నాడు.

భోజనం దగ్గర అదే ఊపులో అమ్మాయిని పట్టుకున్నాను. పోయినేడు బిజినెస్ స్కూల్ ప్రవేశ పరీక్షలో గంట తిరక్కుండానే హాల్లోంచి లేచి వచ్చేసింది. అప్పటి నుంచి పుస్తకం ముట్టలేదు. పరీక్ష అన్న మాట వినపడితే చాలు, గది తలుపు వేసుకుంటుంది.

"చెప్పడం తేలిక నాన్నా. నువ్వు కూర్చో, చూద్దాం."

"కూర్చుంటాను! నాకూ డిగ్రీ ఉంది." (ప్రైవేటుగా కట్టి, ముప్పై ఆరో ఏట పాసయ్యాను.)

"అయితే ఒప్పందం. నువ్వు రోజూ కూర్చుంటే నేనూ కూర్చుంటా. నువ్వు లేచిన రోజు నేనూ లేస్తా. ఆ తర్వాత నన్నెప్పుడూ అడక్కూడదు."

మా ఆవిడ గరిటె పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమండీ, ఇది ప్రసంగం కాదు. జాగ్రత్త."

దరఖాస్తుకి ఇవాళే ఆఖరి రోజు. ఇద్దరికీ పెట్టేశాను. పరీక్ష జులై 13న. రేపటి నుంచి లెక్కిస్తే దానికి ముందు సరిగ్గా నలభై రోజులు! గ్రంథంలో ఏ పెద్ద పనికైనా నలభయ్యే. వానకి నలభై, కొండ మీద నలభై, ఎడారిలో నలభై. అభ్యాసాల పుస్తకంలో సెట్లు ఎన్ని? నలభై! ఇంకేం కావాలి?

జూన్ 3, మొదటి రోజు

లేచింది: 4:30. చన్నీళ్ల స్నానం. ప్రార్థన. పెన్సిళ్లు మూడు, చెక్కినవి.

ఇరవై ప్రశ్నల్లో తొమ్మిది ఒప్పు. దేవునికి స్తోత్రం!

అమ్మాయి ఎదురుగా కూర్చుంది. నిజంగా కూర్చుంది! పుస్తకం తెరవడానికి పావుగంట పట్టింది. నేను చూడనట్టే ఉన్నాను.

జూన్ 5, మూడో రోజు

తర్కం. ఇచ్చిన వాక్యాలు: 'అన్ని దుప్పట్లూ ఏనుగులు. కొన్ని ఏనుగులు బకెట్లు.'

ఆదివారం తప్ప తక్కిన రోజులు నేను ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీలో షిఫ్టు సూపర్‌వైజర్ని. రోజుకి మూడు వేల దుప్పట్లు నా కళ్లముందు పోతాయి. ఇన్నేళ్లలో ఒక్కటీ ఏనుగు కాలేదు. పక్కన 'అబద్ధం' అని రాశాను.

"నాన్నా, ఇక్కడ నీ అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఇచ్చింది నిజమని ఒప్పుకుని ముందుకెళ్లాలి."

"అబద్ధాన్ని ఒప్పుకోమంటావా?"

"ఒక్క నిమిషం ఒప్పుకో. మార్కు పడ్డాక తిట్టుకో."

ఒప్పుకోలేదు. ఇరవైకి ఏడు.

జూన్ 9, ఏడో రోజు, ఆదివారం

ఉదయం సంఘం. ప్రసంగం అయ్యాక మామూలుగా చీటీల పెట్టె తెరిచాం. ఎవరి సందేహం వాళ్లు పేరు లేకుండా రాసి వేస్తారు. నిలబడిన చోటే జవాబు చెబుతాను. ఇరవై రెండేళ్లలో ఒక్క చీటీ వదల్లేదు.

మధ్యాహ్నం మొదటి నమూనా పరీక్ష. ముప్పై ప్రశ్నలు. ఒప్పుకి మూడు మార్కులు, తప్పుకి ఒకటి కోత, ఖాళీకి ఏమీ లేదు.

అమ్మాయి పదహారు రాసింది. పదమూడు ఒప్పు. ముప్పై ఆరు మార్కులు.

నేను ముప్పయ్యీ రాశాను. ఆరు ఒప్పు. మైనస్ ఆరు.

భోజనానికి వచ్చిన మా బావమరిది కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడు మా లాండ్రీలోనే ఇస్త్రీ రోలర్ మీద ఉంటాడు. "బావా, సున్నా కింద కూడా ఒక అంతస్తు ఉంటుందని నీ వల్లే తెలిసింది."

"తెలియనిది వదిలెయ్ నాన్నా" అంది అమ్మాయి.

ఎలా వదలడం? ప్రశ్న వేసినవాణ్ని ఉత్త చేతులతో పంపే అలవాటు నాకు లేదు.

జూన్ 14, పన్నెండో రోజు

లేచింది: 5:40. లాండ్రీలో రెండో మిషన్ ఆగిపోయింది. ఆపరేషన్ థియేటర్ బట్టలు నాలుగు బండ్లు పెండింగ్. పుస్తకం భోజన విరామంలో తెరిచాను. ఒక కంపెనీ నిదానంగా మునిగిపోవడం గురించి వ్యాసం. అద్భుతం! అంచులో నోట్సు రాసుకుంటూ పోయాను. ఆదివారం ప్రసంగం తయారైపోయింది. కింద ఉన్న ఐదు ప్రశ్నలు మాత్రం మిగిలిపోయాయి.

చేసినవి: 8.

జూన్ 19, పదిహేడో రోజు

గొంతు బాగాలేదు. (పరీక్ష గొంతుతో రాయరని బావమరిది అన్నాడు. వాడికేం తెలుసు.)

బల్ల దగ్గర కూర్చుని కళ్లు మూసుకుని మనసులో చేశాను.

జూన్ 21, పంతొమ్మిదో రోజు

లేచింది: 6:10. అమ్మాయి అప్పటికే సెట్టు సగం చేసేసింది. అది పక్కకి తిరిగినప్పుడు పుస్తకం చివరి పేజీలు చూశాను. జవాబులన్నీ అక్కడే ఉన్నాయి! సరిచూసుకోవడానికి మాత్రమే చూశాను. ముందుగా సరిచూసుకున్నాను, అంతే.

ఇరవైకి పంతొమ్మిది. ఒకటి కావాలనే తప్పు పెట్టాను. వినయం ఉండాలి.

జూన్ 23, ఇరవై ఒకటో రోజు, ఆదివారం

ప్రసంగం: చాటుగా చేసే పాపం. బాగా పేలింది. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం వంటింట్లో తల్లితో అమ్మాయి మాటలు చెవిన పడ్డాయి. "నాన్న ఇరవైకి పద్దెనిమిది తెస్తున్నాడమ్మా! లాండ్రీ నుంచొచ్చి, ఆ వయసులో! నేను పోయినేడు అనవసరంగా భయపడ్డాను. ఈసారి చివరిదాకా కూర్చుంటా."

తలుపు పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఇప్పుడు చెబితే అది లేచిపోతుంది. చెప్పకపోతే నేను ఇన్నాళ్లూ గుద్దిన బల్లలన్నీ నా నెత్తిన పడతాయి.

చెప్పలేదు. కేవలం దాని మంచి కోసమే.

జూన్ 28, ఇరవై ఆరో రోజు

ఉదయం 7:00. అమ్మాయి నా కాగితం దిద్దుతోంది.

"నాన్నా, పదకొండో ప్రశ్నకి ఆరు అని పెట్టావు."

"అవును."

"జవాబులున్నవి నాలుగే. ఆరోది ఎక్కడిది?"

చివరి పేజీలో ఆరు అనే అచ్చయింది. అచ్చువాడి తప్పు. నేను కళ్లు మూసుకుని దించేశాను.

"ఒక్కోసారి ఇచ్చిన నాలుగింటికీ అవతల..." అని మొదలుపెట్టాను. నోటికి అలవాటు.

అది పుస్తకం మూసేసింది. కోపంగా కూడా కాదు. "నువ్వెప్పుడో లేచిపోయావు. నాకిప్పుడు తెలిసింది. నేనూ లేస్తున్నా."

తలుపు. గడియ.

"నే చెప్పలా" అంది మా ఆవిడ.

జూన్ 30, ఇరవై ఎనిమిదో రోజు, ఆదివారం

ప్రసంగం అయింది. పెట్టె తెరిచాను. మొదటి చీటీ. ఆ చేతిరాత నాకు తెలుసు. చిన్నప్పుడు పలక మీద దిద్దించింది నేనే.

'నాలుగే ఉన్నప్పుడు ఆరో జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?'

పైకి చదివాను. సభంతా గంభీరమైపోయింది. ఏదో లోతైన సంగతి అనుకున్నారు. ఒకాయన గ్రంథంలో పేజీలు కూడా తిప్పాడు. నా నోరు అప్పుడే నాలుగు దిక్కుల గురించి మొదలుపెట్టబోయింది. చివరి వరుసలో ఫ్యాన్ కింద అమ్మాయి.

"పుస్తకం వెనక పేజీ నుంచి వచ్చింది" అన్నాను. "నేను ప్రశ్న చదవకుండా కాపీ కొట్టాను. వారం రోజులుగా కొడుతున్నాను. పోయిన ఆదివారం మీకు చాటు పాపం గురించి చెప్పానే, అప్పటికే మొదలైంది."

"ఆమేన్!" అన్నాడు ముందు వరుస పెద్దాయన, నిద్రలోంచి.

రెండో చీటీ: 'మా తమ్ముడికే ఈ జబ్బు ఎందుకు వచ్చింది?' ఇలాంటివాటికి నా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మూడూ గుర్తొచ్చాయి.

"నాకు తెలియదు" అన్నాను.

ఇంటికెళ్లే దారిలో, వీధి మలుపులో అమ్మాయి అంది: "ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఎన్ని చేశావన్నది నాకొద్దు. ఒక్కటీ చేయకపోయినా సరే, ఎదురుగా కూర్చో. చూసి మాత్రం రాయకు."

జులై 1

చేసినవి: 3. ఒప్పు: 1. నిజంగా.

జులై 5

చేసినవి: 1. కూర్చున్నది: గంటన్నర. అందులో నిద్ర: గంట. పెన్సిలు చెంపకి అచ్చుపడింది.

జులై 9

సున్నా. నిఖార్సయిన సున్నా! అమ్మాయి నా కాగితం చూసి, తల ఊపి, తన సెట్టు దిద్దుకుంది. ఇరవైకి పదిహేడు.

జులై 13, శనివారం

పెద్ద హాలు. వరసగా కంప్యూటర్లు. నాకు మూడు వరసల ముందు అమ్మాయి జడ. చుట్టూ ఉన్న పిల్లలు నన్ను ఇన్విజిలేటర్ అనుకుని నమస్తే పెట్టారు.

అరవై ప్రశ్నలు, రెండు గంటలు. నాకు తెలిసినవి పదకొండు. నలభై నిమిషాల్లో అయిపోయాయి. తక్కినవి ఖాళీగా వదిలాను. ఏనుగులు మళ్లీ వచ్చాయి. ఈసారి ఒప్పుకున్నాను.

బయటికి పోదామని కుర్చీ జరిపాను. గంట కావస్తోంది. సరిగ్గా అప్పుడే ఆ జడ కదిలింది. భుజాలు పైకి లేచాయి. అది వెనక్కి తిరిగి చూసింది.

కూర్చున్నాను.

అది ముందుకి తిరిగింది. భుజాలు దిగాయి.

తర్వాత గంటకి పైగా నలభై తొమ్మిది ఖాళీ ప్రశ్నల్ని చూస్తూ కూర్చున్నాను. నడుము పట్టేసింది. లేవలేదు. నా నలభై రోజుల్లో నేను పూర్తిగా చేసిన పని ఇదొక్కటే.

బయట: "ఎన్ని రాశావు నాన్నా?"

"పదకొండు."

"తక్కినవి?"

"తెలియలేదు. వదిలేశాను."

రోడ్డు మీద నిలబడి పగలబడి నవ్వింది. ఏడాది అయింది ఆ నవ్వు విని.

జులై 15, సోమవారం, మొదటి రోజు

ఫలితాలు వచ్చే నెల. అమ్మాయి సంగతి నాకు బెంగ లేదు. నా సంగతీ బెంగ లేదు, అది తేలిపోయింది కాబట్టి. వచ్చే ఏడు పరీక్షకి ఇవాళ్టి నుంచే! రోజుకి ఇరవై! ఈసారి నలభై చాలదు, గ్రంథంలో ఇంకా పెద్ద సంఖ్య చూసుకుంటాను.

అలారం: 4:30. లేచింది: 6:20.

చేసినవి: 2. తెలియనివి: 18.

చివరి పేజీలు: చింపి అమ్మాయికి ఇచ్చేశాను. మడిచి తన పుస్తకంలో పెట్టుకుంది. "రేపు తొందరగా లే" అంది.