సత్తెమ్మ నేర్చుకున్న మాట

నర్సీపట్నం, మంగళవారం రాత్రి

కాళ్లు లాగేస్తున్నాయి. అయినా రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

నర్సింగ్‌లో చేరినప్పటి నుంచీ నోరు తిరగని ఇంగ్లీషు మాటలను పెన్సిల్ గీతలతో విడగొట్టుకోవడం నాకు అలవాటు. ఈ రోజు మాట హిస్టరెక్టమీ. రేపు అదే ఆపరేషన్ జరగబోయే నాతవరం సత్తెమ్మ మంచం పక్కన నిలబడి, డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చేలోపు గొణుక్కున్నాను. హిస్, ట, రెక్, ట, మీ. మూడో ముక్క నొక్కి పలకాలి.

సత్తెమ్మ మంచం ఇనుప చట్రం మీద వేళ్లతో తాళం వేసింది. "వరి ఉడుపుల్లో పాటలు ఇలాగే పట్టేత్తానమ్మా. ఓపాలి ఇంటే సాలు" అంది.

ఏ ఆపరేషనని డాక్టరమ్మ అడిగేసరికి నేను తడబడ్డాను. సత్తెమ్మే నొక్కాల్సిన చోట నొక్కి, చక్కగా చెప్పేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్లు పక్క మంచానికి వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"బాగా సెప్పీసేను కదా? మరి అదంటే ఏటమ్మా?"

అంగీకార పత్రం మీద నిన్న ఆమె బొటనవేలు పట్టి ముద్ర వేయించింది నేనే. ఎవరో చెప్పే ఉంటారనుకున్నాను.

గర్భసంచి తీసేస్తారు. ఈ రెండు మాటలను విడగొట్టుకోనక్కర్లేదు, ఎక్కడా నొక్కనక్కర్లేదు. అయినా, "పెద్ద సిస్టర్ వచ్చి చెబుతారు" అని తప్పించుకున్నాను. ఆవిడకైనా చెప్పానా అంటే, అదీ లేదు.

డ్యూటీ దిగి వస్తుంటే సత్తెమ్మ గొంతు గుమ్మం దాకా వినిపించింది. పక్క మంచం ఆవిడకు నేర్పుతోంది. హిస్, ట, రెక్...