మొదట చేరిన పేరు

బొంబాయి,
ఆదివారం

అక్కకు నమస్కారాలు.

నేను ఇక్కడ కులాసాగానే ఉన్నాను. కాన్పయ్యాక నువ్వు లేచి తిరుగుతున్నావా? పాపకు దగ్గు తగ్గిందని బావ కప్పగల్లు నుంచి కార్డులో ఒక్క ముక్క రాశారు. అవ్వ కళ్ళు ఎలా ఉన్నాయి? నాయన పొలానికి నడిచే వెళ్తున్నారా? ఈ మొదటి కాగితం అందరికీ చదివి వినిపించు. రెండోది నీ ఒక్కదానికే.

మూడు వారాలుగా వాన. చీరలు ఆరవు, పుస్తకాల అట్టలకు బూజు పడుతోంది. హాస్టలు చపాతీలకు అలవాటు పడ్డాను. జొన్నరొట్టె మాత్రం మరపు రావడం లేదు. కురుగోడు నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే చపాతీల్లోకి కొంచెం గురెళ్ళ పొడి పంపు. ఒంటరిగా ఉందా అని అడిగావు. పనిలో ఉన్నంతసేపు ఉండదు. నిజంగా బాగానే ఉన్నాను.

నా పని ఏమిటని అమ్మ మళ్ళీ అడిగిందట. మా దగ్గర గది నిండా ఉండే లెక్కల యంత్రం ఒకటి ఉంది. మనం రాసిన సూచనలను దానికి తెలిసే భాషలోకి మార్చే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. అందులో ఏ మాట ఏమిటో విడదీసి చదివే భాగం పార్సర్. ఇంకొకటి మాక్రోల భాగం. పొడవైన వరుసలకు ఒక పొట్టి పేరు పెట్టుకుంటాం. ఆ పేరు కనబడిన చోటల్లా ఈ భాగం ఆ వరుసలన్నీ తెచ్చి పరచాలి. నాకు ముందు పనిచేసినవాళ్ళు రెండింటినీ కలగలిపి రాశారు. వాటిని విడదీయడం నా పని. ముందు పేర్లు విప్పి, ఆ తర్వాతే వరుసలను పార్సర్‌కు అందించాలి. మా సూచనలన్నీ చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద ఉంటాయి. మాక్రోల కార్డుల అంచున ఎర్ర సిరాతో, పార్సర్ కార్డుల అంచున నీలి సిరాతో గీతలు గీశాను. ఇప్పుడు అవి వేరు వేరు పెట్టెల్లో ఉన్నాయి.

విడదీశాక ఒక తప్పు బయటపడింది. ఒక ప్రోగ్రాములో ఒకే పేరును రెండుసార్లు పెట్టారు, రెండోసారి కొత్త వరుసలతో. యంత్రం మాత్రం ప్రతిసారీ పాత వరుసలనే తెచ్చింది. నాలుగు రోజులు పార్సర్‌నే అనుమానించాను. దాని తప్పేమీ లేదు, ఇచ్చినదాన్ని చదివింది. మాక్రోల భాగమే, పేర్లన్నీ ఉండే పట్టికను పైనుంచి వెతుకుతూ, మొదట కనబడిన దగ్గరే ఆగిపోతోంది. కింద ఉన్న రెండోదాని దాకా ఎన్నడూ రాలేదు.

యంత్రం మరమ్మతులు చూసే రాజప్పగారిది మన వైపే, చోరనూరు. ఆయన వచ్చి, "ఏందమ్మా, నాలుగు దినాలాయ ఆ కాయితాల్లో తల దూర్చి. ఏమన్నా దొరికిందా?" అన్నారు. చెప్పాను.

"అట్లయితే ఇది మా అవ్వ మాదిరే ఉండాది. మొదట వచ్చిన కోడలే కోడలంటాది. రెండోదాన్ని కండ్ల ముందర నిలబెట్టినా, యెవురే నువ్వు అంటాది."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూట అన్నం మాత్రం తినలేకపోయాను.

మా ఆఫీసు పెద్దాయన, కిందినుంచి వెతికితే సరిపోతుంది కదా, ఒక్క కార్డు మారిస్తే చాలు అన్నారు. నేను పదిమందిలో నోరు విప్పనని నీకు తెలుసు. ఆ రోజు విప్పాను. అలా చేస్తే మొదటిది పట్టికలో ఉండీ లేనట్టవుతుందని, ఒకసారి ఇచ్చిన పేరును రెండోసారి ఇవ్వనీయకూడదని చెప్పాను. ఆయన సరేనన్నారు.

ఇక ఇది నీకు.

మరునాడే నీ ఉత్తరం అందింది. వచ్చే గురువారం పాపను తొట్టెలో వేస్తున్నారని, నీల పేరే పెట్టాలని అవ్వ పట్టుబట్టిందని రాశావు. "పోయిన బిడ్డే మళ్ళా వచ్చుండాది, వేరే పేరు పెడితే అలిగి పోతాది" అందట. నువ్వు కాదనలేదు. నీల పోయి ఏడాది అయింది. నీ కడుపుకోత ముందు ఈ మాట రాయడానికి చేతులు రావడం లేదు. అయినా రాస్తున్నాను.

నాకు ముందు పుట్టి, నాలుగేళ్ళకే పోయిన రుక్మిణిని నువ్వు చూశావు. నేను చూడలేదు. ఆ పేరు మాత్రం నాకు పెట్టారు. చిన్నప్పుడు అవ్వ నా మోకాలు తడిమి, "ఈడ మచ్చ ఉండె కదే, గడప మీద పడితివే. యాడ పాయ?" అనేది. "మానిపోయిందిలే అత్తా" అనేది అమ్మ. ఆ మచ్చ నాది కాదని ఎవరూ అనలేదు. నాకు ఏడేళ్ళప్పుడు, మీరంతా చేనుకు పోయిన రోజు, గడప రాతి అంచుకేసి మోకాలు గీసుకున్నాను. పడ్డానని చెప్పాను. తర్వాత అవ్వ తడిమి చూసి, "ఆఁ, ఇదో, ఉండాది" అని బెల్లం ముక్క చేతిలో పెట్టింది. మచ్చ ఇప్పటికీ ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

అమ్మ పిలిస్తే పలికేదాన్ని. ఒక్కొక్కసారి అమ్మ నన్ను దాటి నా వెనక్కి చూసేది. కాన్వెంటులో హాజరు పిలిచినప్పుడు మాత్రం ఆ పేరుకు నేనొక్కదాన్నే. సిస్టర్లు ఆ పోయిన రుక్మిణిని చూడలేదు కదా. నాకు బడి అంత ఇష్టం పుస్తకాల వల్లనే అని మీరంతా అనుకున్నారు. ఇక్కడ కూడా ఎవరైనా రుక్మిణీ అంటే ఒక క్షణం ఆగుతాను, ఇంకెవరైనా పలుకుతారేమోనని.

మీరందరూ పాపలో నీల నవ్వు వెతుకుతారు. దొరక్కపోతే పాపే ఎక్కడినుంచో తెచ్చి ఇస్తుంది. పిల్లలు పెద్దవాళ్ళు వెతికేది తెచ్చి ఇవ్వాలనే చూస్తారు.

ఇంకొక మాట. ఇప్పుడు మన ఇంట్లో రుక్మిణి అంటే నేనే. ఆ చిన్నదాన్ని తలుచుకోవాలంటే పేరు లేదు, నేను తీసుకున్నాను. నీలకు మిగిలింది ఆ పేరొక్కటే అక్కా. దాన్ని నీల దగ్గరే ఉండనీ. పాపకు నీకు నచ్చింది ఇంకేదైనా పెట్టు. అవ్వ అలిగితే నా మీదకు తోసెయ్యి, బొంబాయి పోయి చెడిపోయిందని చెప్పు.

అమ్మకు, నాయనకు, అవ్వకు నా నమస్కారాలు. బావను అడిగానని చెప్పు. నీ ఆశీర్వాదం నాకు ఉండాలి. గురువారం దాటగానే ఏ పేరు పెట్టారో ఒక్క కార్డు రాయి. అది అందేదాకా నేను పాపను పాప అనే అనుకుంటాను.

నీ చెల్లెలు,
రుక్మిణి